కటింగ్‌లో కరగని బిళ్ల: స్టెరాయిడ్లు వాడితే మగవాళ్లకు రొమ్ము ఎందుకు పెరుగుతుంది?

"అది కొవ్వేరా, కటింగ్ మొదలుపెడితే అదే పోతుంది" అని మా చిన్నాన్న కొడుక్కి వాళ్ల జిమ్ ట్రైనర్ చెప్పాడు. కటింగ్ అంటే జిమ్ భాషలో కండ పోకుండా ఒంట్లో కొవ్వు కరిగించుకునే దశ. వాడు నమ్మాడు. అన్నం మానేశాడు, ట్రెడ్‌మిల్ మీద గంటలు పెంచాడు, పొట్ట మీద గీతలు తేలేంత సన్నబడ్డాడు, మొహం పీక్కుపోయింది, కానీ చనుమొనల వెనకాల ఉన్న రెండు గట్టి బిళ్లలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒళ్లు సన్నబడ్డాక అవి ఇంకా స్పష్టంగా కనిపించడం మొదలైంది. వైశాఖంలో వాళ్లన్న పెళ్లి. మంగళస్నానాల రోజు కుర్రాళ్లంతా చొక్కాలు విప్పి పసుపునీళ్లు చల్లుకుంటుంటే, ఆర్నెల్లు పోటీకి తయారైనవాడిలా ఒళ్లు పెంచిన మావాడు జ్వరమని చెప్పి గదిలో తలుపేసుకుని పడుకున్నాడు. ఆ రోజు పక్కన కూర్చుని అడిగితే చెప్పాడు, కండ కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, అంటే మగ హార్మోన్ లాంటి మందులు, వాడానని, "అన్నా, ఎవరికీ చెప్పకు" అని.

వాడి పేరు చెప్పను. కానీ ఆ తర్వాత ఈ విషయం గురించి నేను చదివిందీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ రాయాలనిపించింది. ఎందుకంటే జిమ్‌లలో దీని మీద నడిచే మాటల్లో సగం తప్పు, మిగతా సగం సగమే నిజం. ఆ సగం నిజాల వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

జిమ్ భాషలో దీన్ని 'గైనో' అంటారు, డాక్టర్ల భాషలో గైనకోమాస్టియా. గ్రీకులో స్త్రీ, రొమ్ము అనే రెండు మాటలు కలిపిన పేరు. రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ పెట్టినదంటారు, అంటే ఇది ఇంజెక్షన్లతో కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బు కాదు. మగవాడి ఛాతీలో రొమ్ము గ్రంథి నిజంగా పెరగడమే గైనకోమాస్టియా. కొవ్వు పేరుకుని ఛాతీ ఉబ్బడం వేరే సంగతి, డాక్టర్లు దాన్ని వేరే పేరుతో పిలుస్తారు. తేడా పట్టుకోవడానికి వాళ్లు చేసే పరీక్ష చాలా మామూలుది: వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క పెట్టి మెల్లగా చనుమొన వైపు జరుపుతూ వస్తారు. కొవ్వే అయితే వేళ్లు చనుమొన దాకా మెత్తగా వచ్చేస్తాయి, దేనికీ తగలవు. గ్రంథి అయితే చనుమొన వెనకాల సరిగ్గా మధ్యలో, రబ్బరు బిళ్లలాంటిది గుండ్రంగా తగులుతుంది, కొందరికి ముట్టుకుంటే నొప్పి కూడా. ఆ బిళ్లను ఏ ట్రెడ్‌మిల్లూ కరిగించలేదు, ఎందుకంటే అది నిల్వ ఉన్న కొవ్వు కాదు, పెరిగిన కణజాలం.

అసలు మగవాడికి రొమ్ము గ్రంథి ఎందుకుంటుంది అని మావాడు నన్ను అడిగాడు. అందరికీ ఉంటుంది. పుట్టుకతోనే ఆడా మగా తేడా లేకుండా చనుమొన వెనకాల కొద్దిపాటి నాళాలు ఉంటాయి. తల్లి హార్మోన్ల ప్రభావంతో పుట్టిన బిడ్డకు, అది మగబిడ్డ అయినా సరే, రొమ్ములు కొద్దిగా ఉబ్బి ఒక్కోసారి పాలచుక్క కూడా వస్తుంది. మన ఇళ్లలో కొందరు పెద్దవాళ్లు నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు వాటిని పిండేది అందుకే (పిండకూడదు, పుండు పడుతుంది, దానంతటదే తగ్గిపోతుంది). యుక్తవయసులో మళ్లీ ఒకసారి, దాదాపు సగం మంది మగపిల్లల్లో, ఆ గ్రంథి కాస్త ఉబ్బుతుంది, చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో అణగిపోతుంది. అంటే ఆ నాళాలు మగవాడి ఛాతీలో జీవితాంతం ఉంటాయి, పెరగమనే సంకేతం అందక ఊరికే ఉంటాయి, అంతే. ఆడ హార్మోన్ అని పిలిచే ఈస్ట్రోజెన్ పెరగమంటుంది, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ వద్దని ఆపుతుంది. ఏది ఎంత ఉందన్న దానికన్నా, రెండింటి మధ్య నిష్పత్తి ఎటు మొగ్గిందన్నదే ముఖ్యం. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మిగతా కథంతా దానంతటదే విడిపోతుంది.

మరి టెస్టోస్టెరాన్ ఆపేదైతే, అదే ఇంజెక్షన్ తీసుకున్నవాడికి గ్రంథి ఎందుకు పెరుగుతుంది? చాలామంది తికమకపడేది ఇక్కడే. మన ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారయ్యేది టెస్టోస్టెరాన్, దాని దగ్గరి చుట్టాలైన హార్మోన్ల నుంచే, ఆడవాళ్లలో కూడా అంతే. టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రడయాల్‌గా, అంటే ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైనదానిగా, మార్చే ఎంజైమ్ పేరు అరోమటేజ్. అది కొవ్వులో, కండరంలో, కాలేయంలో, మెదడులో, వృషణాల్లో, చాలా చోట్ల ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న ఒంట్లో ఈ ఎంజైమ్ కూడా ఎక్కువ. మామూలు మగవాడి ఒంట్లో రోజుకు 5 నుంచి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ తయారైతే, ఈస్ట్రడయాల్ సుమారు 40 మైక్రోగ్రాములు, అంటే అందులో నూరో వంతు కూడా ఉండదు. ఆ మాత్రం ఉండటం మగవాడికి అవసరం కూడా.

ఇప్పుడు జిమ్ లెక్క చూడండి. సొంతంగా వారానికి 35 నుంచి 50 మిల్లీగ్రాములు తయారయ్యే ఒంట్లోకి 500 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వెళ్తుంది, అది కూడా 'మొదటి సైకిల్, లైట్ డోసే' అని చెప్పి (సైకిల్ అంటే కొన్ని వారాలు వరసగా స్టెరాయిడ్లు వాడే విడత). ముడిసరుకు అన్ని రెట్లు పెరిగితే అరోమటేజ్ ఊరుకోదు, దాని పని అది చేసుకుపోతుంది. ఈస్ట్రోజెన్ కూడా ఎగబాకుతుంది.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. స్టెరాయిడ్లు పనిచేయవు అని చెప్పి ఏ కుర్రాణ్నీ ఆపలేం, ఎందుకంటే పనిచేస్తాయి. 1996లో అమెరికాలో శలేందర్ భాసిన్ బృందం 43 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను తీసుకుని, కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ 10 వారాలు ఇచ్చి చూసింది. మందుతో పాటు వ్యాయామం కూడా చేసినవాళ్లకు కొవ్వు కాని బరువు సగటున 6 కిలోలు పెరిగింది. డాక్టర్లు చాలా ఏళ్లు 'అదంతా భ్రమ' అంటూ వచ్చారు, కుర్రాళ్లేమో పక్కవాడి చేతులు చూసి భ్రమ కాదని తెలుసుకున్నారు. ఇక ఆ తర్వాత డాక్టర్లు ఏం చెప్పినా నమ్మలేదు. ఆ నమ్మకం పోయిన చోటే ట్రైనర్ డాక్టరయ్యాడు.

అన్ని స్టెరాయిడ్లూ ఒకలా ఉండవు. డయానబోల్, మనవాళ్లు డి-బోల్ అనేది, 1958లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మాత్ర. అరోమటేజ్ దాన్ని మామూలు ఈస్ట్రడయాల్ కన్నా మొండిదైన మిథైల్ ఈస్ట్రడయాల్‌గా మారుస్తుంది, అందుకే డి-బోల్ వాడినవాళ్లలో నీరు పట్టడం, ఛాతీ సలపడం త్వరగా కనిపిస్తాయి. డెకా, అంటే నాండ్రోలోన్, అంత ఎక్కువగా ఈస్ట్రోజెన్‌గా మారదు గానీ ఇంకో ఆడ హార్మోన్ ప్రొజెస్టెరాన్‌లా కూడా ప్రవర్తిస్తుంది. ఆక్సీమెథోలోన్ అసలు మారదు, అయినా ఈస్ట్రోజెన్ లక్షణాలు చూపిస్తుంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్‌ను పట్టించిన స్టానోజోలోల్, దాంతోపాటు ఆక్సాండ్రోలోన్, ఇవి ఈస్ట్రోజెన్‌గా మారవు. దీన్ని పట్టుకునే 'ఇది తీసుకో, గైనో రాదు' అని అమ్ముతారు. ఇదే నేను చెప్పిన సగం నిజం. మొదటిది, ఎవరూ ఒక్కటే వాడరు, రెండు మూడు కలిపి 'స్టాక్' కడతారు, అందులో టెస్టోస్టెరాన్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. రెండోది, మన దగ్గర ఇవి డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు, జిమ్ బ్యాగులోంచి వచ్చే సీసాలో లేబుల్ మీద ఉన్నదే లోపల ఉందని చెప్పేవాడు ఎవడూ లేడు. మూడోది అన్నిటికన్నా పెద్దది. అది మందు ఆపాక బయటపడుతుంది.

మేడ మీద నీళ్ల ట్యాంకు అనుకోండి. నీళ్లు తగ్గితే మోటార్ ఆన్ అవుతుంది, నిండితే ఆఫ్ అవుతుంది. మెదడులో హైపోథాలమస్, దాని కింద పిట్యూటరీ ఇలాగే రక్తంలో హార్మోన్ మట్టం చూస్తూ వృషణాలకు ఆర్డర్లు పంపిస్తుంటాయి. మనం బయటి నుంచి ట్యాంకర్ తెప్పించి రోజూ పొంగిపోయేలా నింపితే మోటార్‌కి పని ఉండదు. నెలల తరబడి ఆగిపోతుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి, కొందరిలో సున్నాకి వస్తాయి. ఈస్ట్రోజెన్‌గా మారే స్టెరాయిడా, మారనిదా అన్న తేడా ఇక్కడ పనికిరాదు, ఏదైనా మోటార్‌ని ఆపుతుంది. ఇక సైకిల్ అయిపోయి ట్యాంకర్ రావడం మానేసిన రోజున, మోటార్ వెంటనే తిరగదు. వారాలు, నెలలు పడుతుంది. ఆ ఖాళీలో టెస్టోస్టెరాన్ అట్టడుక్కి పోతుంది, అడ్రినల్ గ్రంథుల హార్మోన్ల నుంచి అరోమటేజ్ తయారుచేసే ఈస్ట్రోజెన్ మాత్రం అంతో ఇంతో ఉంటుంది. నిష్పత్తి తిరగబడుతుంది. 'సైకిల్ అప్పుడు ఏం కాలేదన్నా, ఆపేశాక వచ్చింది' అని చాలామంది అనేది అందుకే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వింత జబ్బూ కాదు. అందరిలోనూ మోటార్ మళ్లీ పూర్తిగా తిరుగుతుందన్న హామీ కూడా లేదు: డెన్మార్క్‌లో చేసిన ఒక అధ్యయనంలో, స్టెరాయిడ్లు మానేసి సగటున రెండున్నరేళ్లయినవాళ్లలో నాలుగో వంతు కన్నా ఎక్కువ మందికి టెస్టోస్టెరాన్ ఇంకా మామూలు మట్టం కిందే ఉంది.

ఆ మోటార్‌ని తన్ని లేపడానికి కొందరు హెచ్‌సీజీ ఇంజెక్షన్ వేసుకుంటారు. అది గర్భిణుల్లో తయారయ్యే హార్మోన్, పిట్యూటరీ ఆర్డర్‌ని అనుకరించి వృషణాలను పని చేయిస్తుంది. సంతాన సమస్యలకు డాక్టర్లు వాడే మంచి మందే, కానీ మోతాదు దాటితే వృషణాలు టెస్టోస్టెరాన్‌తో పాటు ఈస్ట్రడయాల్‌ని కూడా నేరుగా ఎక్కువ వదులుతాయి. గైనో రాకుండా అని వేసుకున్న ఇంజెక్షనే గైనో తెచ్చిపెట్టే సందర్భం ఇది.

తర్వాత మాత్రల సంగతి. జిమ్‌లో రెండు రకాల మాత్రల పేర్లు కలగాపులగంగా వినిపిస్తాయి. అనాస్ట్రోజోల్, లెట్రోజోల్ అనేవి అరోమటేజ్‌ని అడ్డుకుంటాయి, అంటే ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తాయి. టామోక్సిఫెన్ అలా కాదు, ఈస్ట్రోజెన్ తయారైనా సరే రొమ్ము కణాల మీద దాని తాళంకప్పలో తను దూరి కూర్చుంటుంది, అసలు తాళంచెవి పట్టదు. కాగితం మీద చూస్తే మొదటి రకమే బాగా పనిచేయాలనిపిస్తుంది. అనుభవంలో అలా తేలలేదు. యుక్తవయసులో రొమ్ము పెరిగిన 80 మంది అబ్బాయిలకు ఆరు నెలలు అనాస్ట్రోజోల్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రొస్టేట్ కేన్సర్‌కి బైకాలుటమైడ్ వాడేవాళ్లకు రొమ్ము పెరగడం మామూలు. వాళ్ల మీద జరిగిన ఒక ఇటలీ పరిశోధనలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 73 శాతం మందికి, అనాస్ట్రోజోల్ వేసుకున్నవాళ్లలో 51 శాతం మందికి, టామోక్సిఫెన్ వేసుకున్నవాళ్లలో 10 శాతం మందికి గైనకోమాస్టియా వచ్చింది. వాళ్ల పరిస్థితి వేరు, స్టెరాయిడ్ వాడిన కుర్రాడి పరిస్థితి వేరు, లెక్కని అలాగే తెచ్చి అతికించకూడదు, కానీ డాక్టర్లు మొదటి నెలల్లో ఎక్కువగా టామోక్సిఫెన్ వైపు ఎందుకు చూస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది. దానికీ రక్తం గడ్డకట్టే ప్రమాదం లాంటివి ఉన్నాయి, అందుకే అది డాక్టర్ చూసి రాయాల్సిన మందు.

భయంతో లెట్రోజోల్ మింగి ఈస్ట్రోజెన్‌ని నేలకి దించేసేవాళ్లను చూస్తే నాకు ఇంకా బాధ. ఈస్ట్రోజెన్ 'ఆడ హార్మోన్' కాబట్టి మగవాడికి విషం అనుకుంటారు. 1994లో ఒక 28 ఏళ్ల మనిషి గురించి వైద్య పత్రికలో వచ్చింది, జన్యులోపం వల్ల అతని ఒంట్లో ఈస్ట్రోజెన్ పనిచేయదు. టెస్టోస్టెరాన్ సరిగానే ఉంది. అతని ఎత్తు 204 సెంటీమీటర్లు, ఆ వయసులో కూడా ఎముకల చివర్లు మూసుకోక ఇంకా పెరుగుతూనే ఉన్నాడు, ఆ ఎముకలేమో గుల్లబారి ఉన్నాయి. మగవాడి ఎముక గట్టిపడాలన్నా, కోరిక నిలవాలన్నా ఈస్ట్రోజెన్ ఉండాలి. కీళ్లు నొప్పులు, నీరసం, ఆసక్తి లేకపోవడం అని బాధపడే చాలామంది బాడీబిల్డర్లు దాన్ని మరీ తొక్కేసినవాళ్లే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమనుకున్న విషయానికి వస్తా. టైమ్. గ్రంథి మొదట పెరిగేటప్పుడు లోపల నాళాలు చిగుళ్లు వేస్తాయి, చుట్టూ కణజాలం వదులుగా, రక్తం బాగా ఆడుతూ ఉంటుంది. అప్పుడే నొప్పి, దురద, బనియన్ తగిలినా జివ్వుమనడం. ఈ దశలో కారణాన్ని తీసేస్తే తిరిగి అణిగే అవకాశం ఉంది, మాత్రలు పనిచేసేదీ ఇప్పుడే. నెలలు గడిచేకొద్దీ ఆ మెత్తటి కణజాలం స్థానంలో మచ్చలాంటి పీచు అల్లుకుంటుంది. సుమారు ఏడాది దాటాక మిగిలేది ఎక్కువగా ఆ పీచే, దాని మీద ఏ మాత్రా పనిచేయదు. ఘోరమేంటంటే, పీచు అల్లుకునే కొద్దీ నొప్పి తగ్గుతుంది. మావాడు సరిగ్గా అదే అన్నాడు, "నొప్పి పోయిందన్నా, నయమవుతోందనుకున్నా" అని. వాడు నయమవుతోందని సంతోషపడ్డ ఆ నెలల్లోనే మాత్రలతో పోయే దశ చేజారిపోయింది.

అందుకే 'అది కొవ్వే' అన్న మాట మీద నాకంత కోపం. అది తెలియనితనంతో అన్నదే కావచ్చు, కానీ ఆ కుర్రాడి దగ్గర ఉన్న ఆ కొద్ది నెలల్నీ అదే తినేసింది. సిగ్గు కూడా అంతే తింటుంది. ఛాతీ చూపించడానికి సిగ్గు, ఇంజెక్షన్లు వాడానని చెప్పడానికి సిగ్గు, ఇంట్లో తెలిస్తే అన్న టెన్షన్.

ఆపరేషన్ దాకా వస్తే, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం కింది అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీస్తారు, అంచుల్లో కొవ్వుంటే దాన్ని గొట్టంతో పీల్చేసే లైపోసక్షన్ చేస్తారు. బాడీబిల్డర్ల ఒంట్లో కొవ్వు తక్కువ, గ్రంథి ఎక్కువ, కాబట్టి లైపోసక్షన్ ఒక్కటే చేసి పంపిస్తామంటే అడగాల్సిన ప్రశ్నలున్నట్టే. చనుమొన కింద ఒక పలచటి పొర ఉంచి తీయాలి, లేకపోతే అక్కడ గుంట పడుతుంది. కండ పెరిగిన ఛాతీలో రక్తనాళాలు కూడా బలంగా ఉంటాయి కాబట్టి లోపల రక్తం గూడుకట్టే ప్రమాదం కాస్త ఎక్కువ, తర్వాత కొన్ని వారాలు బిగుతు బనియన్ వేసుకోవాలి. ఆపరేషన్ అయిపోయింది కదా అని మళ్లీ సైకిల్ మొదలుపెడితే, మిగిలిన ఆ కొద్ది గ్రంథి మళ్లీ పెరగొచ్చు.

ఇంకొకటి. స్టెరాయిడ్లు వాడాను కాబట్టి ఇది దానివల్లే అని మీరే తేల్చేసుకోకండి. కాలేయం దెబ్బతిన్నా, థైరాయిడ్ ఎక్కువైనా, వృషణాల్లో కణితి ఉన్నా, జుట్టు కోసం వాడే ఫినాస్టరైడ్, గుండెకి వాడే స్పైరనోలాక్టోన్ లాంటి మందులవల్ల కూడా రొమ్ము పెరగొచ్చు. రొమ్ము కేన్సర్లలో వందకి ఒకటి మగవాళ్లకే వస్తుంది. గడ్డ ఒక్కవైపే ఉండి, చనుమొనకి పక్కగా, రాయిలా గట్టిగా తగిలినా, రక్తం కారినా, చర్మం లోపలికి లాక్కున్నట్టున్నా, చంకలో గడ్డ ఉన్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. వృషణాలు కూడా చూపించాలి, అది కూడా పరీక్షలో భాగమే.

చాలామంది అడిగే ప్రోటీన్ పౌడర్ ప్రశ్నకి చిన్న జవాబు: పాలనుంచి తీసిన వే ప్రోటీన్ వల్ల ఇది రాదు. 'టెస్టోస్టెరాన్ బూస్టర్' డబ్బాల సంగతి వేరు. 1998లో 70 హోమ్ రన్లు కొట్టిన బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెగ్వైర్ వాడాడని అమెరికాలో ఎగబడి కొన్న ఆండ్రోస్టెన్‌డయోన్ అలాంటి డబ్బాయే. 1999లో దాన్ని కుర్రాళ్ల మీద 8 వారాలు పరీక్షిస్తే, టెస్టోస్టెరాన్ పెరగలేదు, ఈస్ట్రోజెన్ పెరిగింది.

ఎండోక్రినాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్, దగ్గరికి వెళ్తే రక్తపరీక్ష ఉదయం పూట చేయిస్తారు, టెస్టోస్టెరాన్ పొద్దున్నే ఎక్కువ ఉంటుంది కాబట్టి. దాంతోపాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (పిట్యూటరీ వృషణాలకు పంపే ఆర్డర్లు ఇవే), ఈస్ట్రడయాల్, ప్రొలాక్టిన్, హెచ్‌సీజీ, థైరాయిడ్, కాలేయం, కిడ్నీ. ఏం వాడారో, ఎన్నాళ్లు వాడారో, చివరి ఇంజెక్షన్ ఎప్పుడో చెప్పకపోతే ఆ రిపోర్టులు ఆయనకి అర్థం కావు, మీకు ఉపయోగపడవు. సీసాలు ఉంటే ఫొటోలు తీసి పట్టుకెళ్లండి. మందు ఆపాక కొన్ని నెలలు మనసు బాగా కుంగుతుంది, నిద్ర, ఉత్సాహం, కోరిక అన్నీ పోయినట్టుంటుంది, అది హార్మోన్ లేక వచ్చే దిగులు. దాన్ని తట్టుకోలేక మళ్లీ ఇంజెక్షన్ పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కాబట్టి ఆ నెలల్లో ఇంట్లో కనీసం ఒక్కరికైనా తెలిసుండాలి.

మావాడు నాకు చెప్పాక కూడా డాక్టర్ దగ్గరికి రావడానికి ఇంకో నాలుగు నెలలు తీసుకున్నాడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఇంజెక్షన్ల సంగతి దాచాడు, రెండోసారి నేను పక్కన కూర్చున్నా. డాక్టరమ్మ అంతా విని, వేళ్లతో చూసి, నొప్పి మొదట ఎప్పుడొచ్చిందని అడిగింది. పోయినేడు శ్రావణంలో అన్నాడు. అప్పుడు ఎవరికైనా చెప్పావా అంది. చెప్పానన్నాడు. ఎవరికి అని అడిగితే, ట్రైనర్‌కి అన్నాడు. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత సర్జన్‌కి చీటీ రాసింది.